కోడు వ్రాయని వెబ్‌సైటు – మన ఇంజనీరింగు పిల్లల చదువు



ద్రాక్షారామము నుండి రామచంద్రపురమునకు పోవు బాటను ప్రాతఃకాలమున నిలిచి చూచినచో పసుపుపచ్చని కళాశాల బస్సులు ఒకదాని వెంట నొకటి సాగిపోవుచు కనబడును. వానిలో కూర్చున్నవారు మన బిడ్డలే. రెండు తరముల క్రిందట ఉన్నత పాఠశాల దాటిన ఆడుపిల్ల మన పల్లెలలో అరుదుగా నుండెడిది. నేడు ఇంజనీరింగు చదువుచున్న ఆడుపిల్ల లేని వీథియే అరుదు. ఈ చదువునకై తల్లిదండ్రులు పడు శ్రమ మీకు మేము చెప్పవలసినది కాదు. వరి పంట మీద వచ్చిన రూకలు, కొబ్బరితోట కౌలు, చీటీపాట సొమ్ము, తల్లి మెడలోని గొలుసు — ఇవి యన్నియు కళాశాల ఫీజులుగా మాఱుచున్నవి.

ఇట్లు చదివించుకొనుచున్న పిల్ల ఒకనాటి సాయంకాలము ఇంటికి వచ్చి, “అమ్మా! నేడు మా తరగతిలో ఒక్క యక్షరము కోడు వ్రాయకుండ గంటలో వెబ్‌సైటు కట్టితిని” అని చెప్పినచో తల్లి సంతోషించును, వెనువెంటనే సందేహించును గూడ. వ్రాయకయే వచ్చినదానిని విద్య యందురా? ఇంత సొమ్ము పోసినది బొమ్మలను లాగి యతికించుట నేర్చుటకా? ఈ సందేహము న్యాయమైనది. దీనికి “ఔను” అని గాని “కాదు” అని గాని ఒక్కమాటలో బదులు చెప్పుట సరికాదు. అందువలన ఈ నెల యీ విషయమును మన సోదరీమణుల ముందు విపులముగా నుంచుచున్నాము.

వెబ్ పుట యనగానేమి?

మన చేతి ఫోనులో కనబడు ప్రతి వెబ్ పుటకు వెనుక ఒక వ్రాత గలదు. ఆ వ్రాతను హెచ్.టి.ఎం.ఎల్. అందురు. ఇది శీర్షిక, ఇది పేరా, ఇది చిత్రము, ఇచ్చట నొక్కినచో మఱియొక పుటకు పోవలెను అని యంత్రమునకు తెలుపు గుర్తులే ఆ వ్రాత. పెండ్లి శుభలేఖను అచ్చునకు ఇచ్చునపుడు “ఈ పేరు పెద్ద యక్షరములలో, ఈ ముహూర్తము నడుమ” అని అంచున వ్రాసి పంపుదుము గదా! ఈ గుర్తులును అట్టివే. పుటకు రంగును, కొలతను, అలంకారమును ఇచ్చు వ్రాత వేఱు; దానికి సి.ఎస్.ఎస్. అని పేరు. నొక్కినంతనే పుటను కదలించునది, లెక్క కట్టునది జావాస్క్రిప్టు. ఈ మూటిని కలిపి జనులు సామాన్యముగా “కోడు” అనుచున్నారు.

ఈ విద్యకు మూలపురుషుడు టిమ్ బెర్నర్స్‌లీ యను ఆంగ్లేయుడు. ఆయన స్విట్జర్లాండులోని సెర్న్ పరిశోధనాలయమున పని చేయుచు 1989లో ఈ యేర్పాటును ప్రతిపాదించెను; 1990లో మొదటి పుటను సిద్ధపఱచెను. 1993 ఏప్రిలు 30వ తేదీన సెర్న్ సంస్థ దీనిని ఎవరైనను రుసుము లేకుండ వాడుకొనవచ్చునని లోకమునకు విడిచిపెట్టెను. ఇందు ఒక విశేషము గలదు. బెర్నర్స్‌లీ తయారుచేసిన మొదటి సాధనము పుటలను చూపుటయే కాక, ఆ తెర మీదనే పుటలను వ్రాయుటకును దిద్దుటకును వీలిచ్చెడిది. గుర్తులను చేతితో వ్రాయనక్కఱ లేదనుటయే ఆయన మొదటి యూహ. కనుక కోడు లేకుండ పుట కట్టుట నిన్న మొన్న సోమరులు కనిపెట్టిన మార్గము కాదు. వెబ్ పుట్టిననాడే అదియును పుట్టినది.

సాధనముల కథ

తరువాత సాధనములు ఒకదాని వెనుక నొకటి వచ్చినవి. 1994లో స్థాపింపబడిన జియోసిటీస్ అను సంస్థ సామాన్యులకు వెబ్‌లో ఉచితముగా స్థలమిచ్చెను. ఫ్రంట్‌పేజి యను సాధనమును 1996లో మైక్రోసాఫ్టు సంస్థ కొనెను. 1997లో డ్రీమ్‌వీవర్ వచ్చెను. 2003లో వర్డ్‌ప్రెస్, 2006లో విక్స్, 2008లో గూగుల్ సైట్స్ వెలసినవి. వీనిలో వర్డ్‌ప్రెస్ ఎంతగా వ్యాపించెననగా, నేడు లోకములోని వెబ్‌సైట్లలో నూటికి నలుబదికి పైగా దాని మీదనే నడచుచున్నవి.

ఈ వరుసలో ఒక యువతి కథను మన సోదరీమణులు వినదగును. ఆస్ట్రేలియా దేశమున పెర్త్ నగరమునందు మెలనీ పెర్కిన్స్ అను విద్యార్థిని విశ్వవిద్యాలయమున చదువుకొనుచు, తోటివారికి చిత్రరచన ప్రోగ్రాములను నేర్పుచుండెను. ఆ ప్రోగ్రాములలో ఏ మీట ఎక్కడ నున్నదో తెలిసికొనుటకే పిల్లలకు మాసములు గడచిపోవుచుండెను. చిత్రరచన నేర్చుటకు తీరికయే మిగులకుండెను. ఇది చూచి యామె 2007లో క్లిఫ్ ఓబ్రెక్ట్ అను మిత్రునితో కలిసి, పాఠశాలల వార్షిక సంచికలను పిల్లలే సులువుగా కూర్చుకొనునట్టి సాధనము నొకదానిని తన తల్లి యింటి ముందుగదిలో ఆరంభించెను. అదియే పెరిగి 2013లో కాన్వా యైనది. నేడు మన పల్లెలలో పుట్టినరోజు పత్రికలు మొదలు దుకాణపు ప్రకటనల వఱకు దానితో చేయుచున్నారు. వెబ్ పుటలను గూడ కట్టుచున్నారు. విద్య నేర్పుచు పిల్లల కష్టమును కనిపెట్టిన ఉపాధ్యాయురాలి బుద్ధి నుండి పుట్టిన సాధనమిది యని గుర్తుంచుకొనవలెను.

మన కళాశాలలలో

ఇది పరదేశముల ముచ్చట మాత్రమే కాదు. కాకినాడలోని ఇంజనీరింగు కళాశాల 1946లో స్థాపింపబడినది. 1972లో జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయము ఏర్పడినప్పుడు అందు చేరినది. 2008లో కాకినాడకే ప్రత్యేక విశ్వవిద్యాలయము వచ్చినది. గోదావరి మండలములోని ఇంజనీరింగు కళాశాలలు పెక్కులు ఈ విశ్వవిద్యాలయపు పాఠ్యక్రమమునే యనుసరించుచు వచ్చినవి. ఆ పాఠ్యక్రమమున మొదటి సంవత్సరమునకు “ఐ.టి. వర్క్‌షాపు” అను ప్రయోగశాల యొకటి గలదు. కంప్యూటరును విప్పి మరల బిగించుట, ఇంటర్నెట్టు వాడుట, పత్రములు వ్రాయుట, లెక్కల పట్టికలు కట్టుట అందులోని పాఠములు.

ఈ శతాబ్దపు మొదటి దశకపు పాఠ్యక్రమములలో ఆ ప్రయోగశాలకు చివరి మెట్టుగా “పబ్లిషర్” అను సాధనముతో ప్రతి విద్యార్థియు తన సొంత వెబ్‌సైటును కట్టుకొనవలెనని విధించిరి. పుట కూర్పు, వాక్యములను చేర్చుట, పట్టికలను పెట్టుట, పుటకు పుటకు లంకె వేయుట, పుటల పేర్లు మార్చుట, సైటును నలుగురు చూచునట్లు ఇంటర్నెట్టున నిలుపుట — ఇవి ఆ పాఠము యొక్క యంగములు. కోడు మాట యందు లేదు. సివిలు, మెకానికలు, ఎలక్ట్రికలు, కంప్యూటరు అను భేదము లేక వేలకొలది తెలుగు పిల్లలు మొదటిసారి వెబ్ పుట కట్టినది ఇట్లే. ఇప్పుడు కొలువులలో నుండి కాపురములు చేసికొనుచున్న మన ఇంజనీరు కోడండ్రను, కూతుండ్రను అడిగి చూడుడు. ఆ ప్రయోగశాల చాలమందికి జ్ఞాపకముండును.

ఆ పబ్లిషర్ గతి యేమైనది? దానికి 2026 అక్టోబరుతో ఆధారము నిలుపుదుమని మైక్రోసాఫ్టు సంస్థ ప్రకటించినది. ఫ్రంట్‌పేజి అంతకు ఎంతో ముందే, 2006లో, నిలిచిపోయినది. జియోసిటీస్‌ను యాహూ సంస్థ అమెరికాలో 2009లో మూసివేయగా లక్షలకొలది జనుల పుటలు మాయమైనవి. పాత గూగుల్ సైట్స్ సయితము క్రొత్తదానికి చోటిచ్చి తప్పుకొనినది. నాటి ప్రయోగశాలలో మీటలను మాత్రము కంఠస్థము చేసిన పిల్లకు నేడు మిగిలినది లేదు. పుటను ఎట్లు కూర్చవలెను, ఏది ముందు చెప్పవలెను, లంకె యనగానేమి, పుట ఎక్కడ నుండును అని గ్రహించిన పిల్లకు మాత్రము ఏ సాధనము వచ్చినను ఆ విద్య పనికి వచ్చుచునే యున్నది. మన ప్రశ్నకు సగము బదులు ఇక్కడనే యున్నది.

ముగ్గు చెప్పు నీతి

దీనిని మన వాకిటి ముగ్గుతో పోల్చి చూడవచ్చును. బజారులో ముగ్గు గొట్టములు, అచ్చులు అమ్ముచున్నారు. పిండి పోసి దొర్లించినంతనే తీగలు, పువ్వులు వరుసగా పడును. తొందరగా నున్న నాడు వానిని వాడుట తప్పు కాదు. కాని వాకిలి ఇరుకైనపుడు, నడుమ తులసికోట అడ్డము వచ్చినపుడు గొట్టము పనికిరాదు. చుక్కలు పెట్టుట తెలిసిన పిల్ల పదునైదు చుక్కల ముగ్గును పదకొండుకు కుదించును. కోట చుట్టును త్రిప్పును. ఎక్కడ గీత తెగినదో చూచి కలుపును. ఆ లెక్క తెలిసినది గనుకనే అది విద్య యగును.

కోడు లేని సాధనము ముగ్గు గొట్టము వంటిది. దానిని పిల్లల చేతికి ఇచ్చుట వలన లాభమే గాని నష్టము లేదు. ఎట్లనగా, మొదటి దినముననే ఫలము కంటికి కనబడును, పిల్లకు ధైర్యము వచ్చును. ఇంగ్లీషు మాధ్యమమునకు క్రొత్తగా వచ్చి, తరగతిలో నోరు విప్పుటకు జంకు పల్లెటూరి పిల్లకు ఈ ధైర్యము చిన్నది కాదు. సివిలు చదువు పిల్లకు ఏండ్ల తరబడి కోడు నేర్చు తీరిక లేదు. అయినను తన పనిని నలుగురికి చూపుటకు పుట కావలెను. అట్టివారికి ఇది తగిన మార్గము. కాని కంప్యూటరు చదువునే వృత్తిగా కోరిన పిల్ల గొట్టముతోనే నిలిచిపోయినచో, చుక్కలు నేర్చుకొనక ముగ్గుల పందెమునకు పోయినట్లే యగును.

ద్రాక్షారామము పుట

మంచి ఉపాధ్యాయుడు ఈ సాధనముతో ఏమి నేర్పవచ్చునో ఒక ఉదాహరణముతో చెప్పుదుము. ద్రాక్షారామ భీమేశ్వరాలయమును గూర్చి ఒక పుట కట్టుడని తరగతికి చెప్పెననుకొందము. పిల్లలు మొదట చేయునది గోపురపు ఫొటో యొకటి తెచ్చి పెద్దదిగా పెట్టుట. అప్పుడు ఉపాధ్యాయుడు అడుగవలసిన ప్రశ్న: “ఈ పుటను తెఱచువారెవరు?”

కార్తికమాసమున అమరావతి, భీమవరము, పాలకొల్లు, సామర్లకోట, ద్రాక్షారామము అను పంచారామములను ఒకే దినమున దర్శించుటకు ఆర్.టి.సి. బస్సులలో దూరదేశముల నుండి వృద్ధస్త్రీలు వత్తురు. ఇక్కడి లింగము మిక్కిలి ఎత్తైనది. పై భాగమును దర్శించుటకు మెట్లెక్కి పై యంతస్తునకు పోవలెను. మోకాళ్ళ నొప్పులు గల పెద్దమ్మకు కావలసినది గోపురపు ఫొటో కాదు. ఎన్ని మెట్లున్నవి, క్రింద నుండి దర్శనము కలదా, గుడి ఏ వేళకు తెఱతురు, బస్సు ఎక్కడ ఆగును అను వివరములు. ఆ వివరములు తెలియవలెనన్న పిల్లలు గుడికి పోయి మెట్లు లెక్కించవలెను, అర్చకుల నడుగవలెను, బస్సుల వేళలు వ్రాసికొనవలెను. కావలసినదేమో ముందు తెలిసికొనుట, పిమ్మట నమూనా గీయుట, తరువాత కట్టుట, ఇతరుల చేత వాడించి చూచి లోపము దిద్దుట — ఇదియే ఇంజనీరింగు. వంతెన కట్టువానికైనను, పుట కట్టువానికైనను క్రమము ఒక్కటే.

ఆ గుడి స్తంభముల మీదను, గోడల మీదను వందలకొలది శాసనములు గలవు. తూర్పు చాళుక్యుల కాలమున వెలసిన ఆ యాలయమునకు రాజులును, రాణులును, సామాన్య గృహస్థులును అఖండదీపములకై గొఱ్ఱెలను, ఆవులను, భూములను దానము చేసిన సంగతులు వానియందు చెక్కబడినవి. ఇచ్చినదెవరు, ఎప్పుడు, దేనికొఱకు, ఎంత — ఈ నాలుగు విషయములు క్రమముగా చెప్పి శాసనము ముగియును. అందుచేతనే తొమ్మిదివందల యేండ్ల పిమ్మటను పండితులు వానిని చదివి యర్థము చేసికొనుచున్నారు. పుట కట్టు పిల్ల ఈ క్రమమును ఆ రాతినుండి నేర్చుకొనవచ్చును. అలంకారము తక్కువైనను పరవాలేదు, చెప్పవలసినది తప్పిపోరాదు.

మఱియొక ఉదాహరణము. కోనసీమలోని ఆత్రేయపురపు పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించినది. అక్కడి స్త్రీలు బోర్లించిన కుండను వేడిచేసి, బియ్యపు పలుచని పిండిలో ముంచిన గుడ్డను దానిపై పఱచి, కాగితము వంటి రేకును తీయుదురు. నిప్పు ముందు కూర్చున్న స్త్రీ మాటిమాటికి లేచి ఫోను ఎత్తలేదు. ఆమె కొఱకు విద్యార్థినులు ఒక పుట కట్టినచో అందు బెల్లపువి, పంచదారవి వేఱువేఱుగా చూపవలెను. పెట్టెకు ఎన్ని యని చెప్పవలెను. ఎన్ని నాళ్ళు నిలువయుండునో తెలుపవలెను. కొనువారు పేరును, ఊరును నింపు పత్రమొకటి పెట్టవలెను. “దూరపు ఊరైనచో తపాలా ఖర్చు చేర్చుము, పెట్టెలు అయిపోయినచో క్రొత్త బేరము తీసికొనకుము” అను షరతులను సాధనమునకు తెలుపవలెను. ఇట్టి షరతులను ఆలోచించి వరుస పెట్టుటయే ప్రోగ్రాము రచనకు ప్రాణము. కోడు వ్రాయకున్నను ఆ బుద్ధి ఇక్కడనే అలవడును.

జాగ్రత్త పడవలసినవి

మొదటిది మన భాష. యూనికోడు అను సార్వజనిక లిపిసంకేతమున తెలుగునకు 1991లోనే స్థానము దొరకినది. సిలికానాంధ్ర సంస్థ మొదలైనవారి కృషిచే గిడుగు, గురజాడ, మండలి, రామభద్ర మున్నగు పేర్లతో చక్కని తెలుగు అక్షరరూపములు ఉచితముగా లభించుచున్నవి. అయినను పిల్లలు తెలుగు వాక్యమును బొమ్మగా చేసి పుటకు అతికించుచుందురు. కంటికి రెండును ఒక్కటే. కాని బొమ్మలోని యక్షరములను వెదకు యంత్రములు సులువుగా పట్టలేవు. చూపు లేనివారికి పుటను చదివి వినిపించు ప్రోగ్రామునకు అది మూగదగును. అక్షరమును అక్షరముగానే వ్రాయవలెను; ప్రతి చిత్రమునకును అది యేమో తెలుపు ఒక వాక్యమును చేర్చవలెను. ఈ రెండింటిని సాధనములు వీలుకల్పించును గాని బలవంతము చేయవు, ఉపాధ్యాయుడే చేయింపవలెను.

రెండవది బరువు. నగరపు వైఫై మీద అందముగా తెఱచుకొను పుట, చేలగట్టున సిగ్నలు సన్నగిల్లినచోట తెఱచుకొనదు. సిద్ధసాధనములు తమంతట తాము ఎన్నో హంగులను పుట వెనుక చేర్చును. పెద్ద ఫొటోలను తగ్గించి పెట్టుట, అక్కఱలేని కదలికలను తీసివేయుట విద్యార్థికి నేర్పవలెను.

మూడవది ఆడుపిల్లల క్షేమము. “నీ సొంత వెబ్‌సైటు కట్టుము” అనగానే పిల్లలు ఉత్సాహముతో తమ ఫొటోలు, ఫోను నంబరు, ఇంటి చిరునామా, పుట్టినతేదీ అన్నియు పెట్టుదురు. పుట ఇంటర్నెట్టున నిలిచిన పిమ్మట దానిని చూచువారెవరో మనకు తెలియదు. ఒకరు నకలు తీసికొనినచో మనము తుడిచివేసినను అది మిగిలియుండును. తరగతి యభ్యాసమునకు ఊరిని గూర్చియో, వృత్తిని గూర్చియో పుట కట్టించుట ఇందుచేతనే మేలు. సొంత పుట కావలసినచో పేరును, చదువును, చేసిన పనులను మాత్రము చూపిన చాలును.

నాలుగవది మోసము. పుట కట్టుట ఇంత సులువైనపుడు దొంగకును సులువే. తిరుమల తిరుపతి దేవస్థానము వారు తమ పేర వెలసిన నకిలీ వెబ్‌సైట్లను గూర్చి భక్తులను పలుమారులు హెచ్చరించిరి. గదులకనియు, దర్శనములకనియు సొమ్ము కట్టి మోసపోయినవారు గలరు. స్వయముగా గంటలో అందమైన పుటను కట్టి చూచిన పిల్లకు, అందమును బట్టి పుటను నమ్మరాదని ఎవరును చెప్పనక్కఱ లేదు. చిరునామా పక్కన కనబడు తాళపు గుర్తు, మన మాట దారిలో ఇతరులకు చిక్కదని మాత్రమే చెప్పును. అవతలివాడు మంచివాడని చెప్పదు. ప్రభుత్వపు పుటల చిరునామా చివర సాధారణముగా “గవ్.ఇన్” అని యుండును. ఈ సంగతిని పిల్ల యింటికి వచ్చి తన అమ్మమ్మకు నేర్పినచో ఆ నాటి ఫీజు అప్పుడే ముట్టినట్లు.

అయిదవది పరాధీనత. కొన్ని సాధనములతో కట్టిన సైటును ఆ సంస్థ యింట తప్ప మఱియొకచోట నిలుపుట సాధ్యము కాదు. అద్దె యింటి గోడకు పెట్టిన అలమరవలె, ఖాళీ చేయునాడు విడిచి పోవలసినదే. కనుక వాక్యములను, చిత్రములను తమ కంప్యూటరులో వేఱుగా దాచుకొనుట మొదటి దినముననే అలవాటు కావలెను.

ఎట్లు నేర్పవలెను?

మా యభిప్రాయమున ఈ చదువునకు మూడు మెట్లుండవలెను. మొదటి మెట్టున సాధనముతో పుట కట్టించవలెను. రెండవ మెట్టున అదే పుట వెనుకనున్న వ్రాతను తెఱచి చూపవలెను. ఏ వెబ్ పుట మీదనైనను కంప్యూటరులో మౌసు కుడిమీట నొక్కి “మూలము చూడుము” అనినచో ఆ వ్రాత కనబడును. అందు తన శీర్షిక ఎక్కడ నున్నదో, తన చిత్రము ఎక్కడ నున్నదో పిల్ల వెదకి పట్టవలెను. మూడవ మెట్టున ఒక చిన్న పుటను, శీర్షిక, రెండు పేరాలు, ఒక చిత్రము, ఒక లంకె గలదానిని, సాధనము లేకుండ చేతితో వ్రాయించవలెను. బెర్నర్స్‌లీ 1991లో వివరించిన గుర్తులు పదునెనిమిది మాత్రమే. మన బిడ్డలు వానిని వారములో నేర్వగలరు. ఈ మూడవ మెట్టు లేని బోధన సగము బోధన.

తెలుగున వినుచు నేర్చుకొనదలచినవారికి బొంబాయి ఐ.ఐ.టి. వారి “స్పోకెన్ ట్యుటోరియల్” పాఠములు గలవు. వానిలో పెక్కింటికి తెలుగు పలుకులును చేర్చియున్నారు. 2021లో అఖిలభారత సాంకేతిక విద్యామండలి తెలుగుతో సహా పలు భారతీయ భాషలలో ఇంజనీరింగు బోధనకు అనుమతి యిచ్చినది. భాష యడ్డము అను మాట నానాటికి తగ్గుచున్నది.

తల్లులు తమకు కంప్యూటరు రాదని వెనుకకు తగ్గవలదు. పిల్ల పుటను చూపినపుడు ఈ యైదు ప్రశ్నలు అడుగుడు: ఇది ఎవరి కొఱకు? నా చిన్న ఫోనులో తెఱచుకొనునా? ఇందలి మాటలు నీకు ఎవరు చెప్పిరి? ఈ సంస్థ రేపు మూతపడినచో నీ పని యెక్కడ నుండును? ఈ శీర్షిక రంగు మార్చవలెనన్న వెనుకనున్న వ్రాతలో ఏ వరుసను దిద్దవలెను? నాలుగింటికి బదులు చెప్పి అయిదవదానికి తడబడినచో పిల్ల మొదటి మెట్టున నున్నదని యర్థము. కోప్పడక, తక్కిన మెట్లను ఎక్కుమని ప్రోత్సహింపుడు.

ఈ విద్యకు మన స్త్రీలు క్రొత్తవారు కారు. అయ్యలసోమయాజుల లలితగారు 1919లో మదరాసున తెలుగు కుటుంబమున జన్మించిరి. పదునెనిమిదవ యేటనే భర్తను గోల్పోయిరి. చేతిలో నాలుగు నెలల పసికందు. అయినను తండ్రి ప్రోత్సాహముతో గిండీ ఇంజనీరింగు కళాశాలలో చేరి, విద్యుచ్ఛాస్త్రమున పట్టము పొంది, మన దేశపు మొదటి మహిళా ఎలక్ట్రికల్ ఇంజనీరయిరి. అప్పటి పట్టపత్రములు పురుషులకొఱకే అచ్చువేయబడి యుండుటచే అందలి పురుషవాచకమును కొట్టివేసి స్త్రీవాచకము వ్రాసి యీయవలసి వచ్చెనట. పిమ్మట భాక్రా నంగల్ ప్రాజెక్టు విద్యుత్పనులలో పాలుపంచుకొనిరి. 1964లో న్యూయార్కున జరిగిన మహిళా ఇంజనీర్ల, శాస్త్రజ్ఞుల మొదటి అంతర్జాతీయ సభకు పోయిరి. 2001లో భీమవరమున ఆడుపిల్లలకే ప్రత్యేకముగా ఇంజనీరింగు కళాశాల వెలసినది. లలితగారికి దొరకిన యవకాశము ఇప్పుడు మన యింటింటి పిల్లకు దొరకుచున్నది.

1847లో ఆరంభించి 1852లో ముగించిన ధవళేశ్వరపు ఆనకట్ట ఈ సీమకు అన్నము పెట్టినది. నాడు ఎద్దుబండ్లును, పడవలును సాధనములు. నేడు యంత్రములు వచ్చినవి. సాధనము ఏదైనను, ఇసుక ఎట్లు కదలునో, నీరు ఎట్లు త్రోయునో తెలియనివాడు గోదావరికి అడ్డుకట్ట వేయలేడు. కోడు లేని సాధనమును తిట్టి త్రోసివేయుట తెలివి కాదు. దానితోనే తృప్తిపడుటయు తెలివి కాదు. దానిని మొదటి మెట్టుగా వాడి, లోపలి నడకను తెలియజెప్పు ఉపాధ్యాయులు మన కళాశాలలకు కావలెను. ఆ చెప్పుటను అడిగి తీసికొను పిల్లలు కావలెను. అడుగుమని పిల్లకు ధైర్యము చెప్పి పంపు తల్లులు అంతకంటె ముందు కావలెను. మన సోదరీమణులు ఈ పనికి పూనుకొందురని నమ్ముచున్నాము.